రియాజ్‌లో గెలిచినోళ్లు, మైదాన్‌లో ఓడినోళ్లు

రేపటి సంగతి ఇవాళే తేల్చేయాలన్న తొందర మనకి ఎక్కువ. పెళ్లిచూపుల్లో చాయ్ కప్పు పట్టుకొచ్చిన తీరు చూసి పిల్ల మిజాజ్ ఎలాంటిదో చెప్పేస్తాం. కొత్త దుకాణం తెరిచిన మొదటి వారం గిరాకీ చూసి ఈ కారోబార్ నడుస్తుందా మూతపడుతుందా ఫైసలా చేసేస్తాం. ఇంటర్ పిల్లాడికి ప్రీ-ఫైనల్‌లో మార్కులు తగ్గాయంటే చాలు, అసలు ఇమ్తెహాన్ ఇంకా రాయకముందే ఇంట్లో మాతం మొదలవుతుంది. ముందు కనబడ్డ నతీజా తర్వాత రాబోయే నతీజాకి గవాహీ అని మన నమ్మకం.

ఆ గవాహీ ఎంత పక్కాదో ఒక ఆట తారీఖ్‌లో వెతికి చూశాను. ఆట మనది కాదు, అమెరికాది. కానీ ఇప్పుడు మన ఖాందాన్‌లలో డల్లాస్‌లోనో షికాగోలోనో ఒక కొడుకో కూతురో లేని ఇల్లు తక్కువ. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఆగస్టు నెలలో ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట: "మామూజాన్, ప్రీ-సీజన్‌లో మావాళ్లు ఇరగదీస్తున్నారు, ఈసారి కప్పు మాదే!" ఆ ఊరి కౌబాయ్స్ జట్టు 1996 జనవరి తర్వాత కప్పు ముఖం చూడలేదు. ఆగస్టు ఉమ్మీదులు మాత్రం ఏటా తాజాగానే ఉంటాయి.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ కాదు. దాన్ని వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది, ఎక్కువగా చేతులతోనే ఆడతారు, తలకి హెల్మెట్, భుజాలకి గట్టి ప్యాడ్లు. 1920లో మొదలైన ఎన్.ఎఫ్.ఎల్. అనే లీగ్‌లో ఇప్పుడు 32 జట్లు. సెప్టెంబర్ నుంచి జనవరి మొదటి వారాల దాకా లెక్కలోకి వచ్చే మ్యాచులు, తర్వాత నాకౌట్లు, చివర సూపర్ బౌల్ ఫైనల్. అసలు సీజన్‌కి ముందు ఆగస్టులో ఆడే మ్యాచులే ప్రీ-సీజన్. స్కోరు ఉంటుంది, రిఫరీలు ఉంటారు, టికెట్టు పైసలు కూడా వసూలవుతాయి. కానీ గెలిచినా ఓడినా పాయింట్ల పట్టికలో ఒక్క అక్షరం మారదు. ఒక రకంగా పెద్ద హంగామాతో చేసే రియాజ్. 1978 నుంచి చాలా ఏళ్లు జట్టుకి నాలుగేసి రియాజ్ మ్యాచులు, 16 అసలు మ్యాచులు ఉండేవి. 2021 నుంచి రియాజ్ మూడుకి తగ్గి అసలు మ్యాచులు 17 అయ్యాయి.

ఈ రియాజ్ స్కోర్లు నమ్మి జనం ధోకా తినడం ఇవాళ్టిది కాదు. 1934 ఆగస్టు ఆఖరున షికాగోలో ఒక అజీబ్ మ్యాచ్ జరిగింది. షికాగో ట్రిబ్యూన్ పత్రిక స్పోర్ట్స్ ఎడిటర్ ఆర్చ్ వార్డ్ ఆలోచన అది: లీగ్ చాంపియన్లని కాలేజీ కుర్రాళ్లలో ఏరికోరి తీసిన జట్టుతో ఆడించాలి, వచ్చిన డబ్బు ఖైరాత్‌కి ఇవ్వాలి. అప్పటి చాంపియన్లు షికాగో బేర్స్. సోల్జర్ ఫీల్డ్ మైదాన్‌లో దాదాపు 79 వేల మంది జమ అయ్యారు. నతీజా సున్నా-సున్నా! పైసలు తీసుకుని ఆడే పహిల్వాన్లు కాలేజీ పిల్లల మీద ఒక్క పాయింట్ కొట్టలేకపోయారు. ఆ రాత్రి స్కోరు చూసినవాళ్లకి బేర్స్ పనైపోయింది అనిపించడంలో వింత లేదు. అదే బేర్స్ ఆ సీజన్‌లో 13 మ్యాచులు ఆడి పదమూడూ గెలిచారు.

కిస్సా అక్కడితో ఖతం కాలేదు. ఒక్క ఓటమి లేకుండా వచ్చిన ఆ బేర్స్ డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఫైనల్ ఆడారు. మైదాన్ మంచుతో గడ్డకట్టి అద్దంలా జారుతోంది. న్యూయార్క్ జెయింట్స్‌వాళ్లు మధ్యలో మేకుల బూట్లు విప్పేసి, జారకుండా ఉండేందుకు బాస్కెట్‌బాల్ ఆడే రబ్బరు బూట్లు తొడుక్కున్నారు. 30-13 తేడాతో కప్పు ఎగరేసుకుపోయారు. రియాజ్ మ్యాచ్ సంగతి అలా ఉంచండి, 13 అసలు మ్యాచుల గవాహీ కూడా ఆ ఒక్క రోజు ముందు నిలబడలేదు.

కాలేజీ కుర్రాళ్లతో ఆడే ఆ ఆనవాయితీ 1976 దాకా నడిచింది. మొత్తం 42 మ్యాచుల్లో కుర్రాళ్లు గెలిచినవి తొమ్మిదే. ఆ తొమ్మిదిలో చివరిది 1963లో. ఓడింది ఎవరనుకున్నారు? కోచ్‌లకే ఉస్తాద్ అని పేరున్న విన్స్ లొంబార్డి తయారుచేసిన గ్రీన్ బే ప్యాకర్స్. 20-17తో కుర్రాళ్ల చేతిలో ఓడి, ఆ సీజన్‌లో 11 గెలిచి, రెండే ఓడి, ఒకటి సమానం చేసుకున్నారు.

1967 కథ ఇంకోరకం. అప్పటికి అమెరికాలో రెండు లీగ్‌లు ఉండేవి. పాతది ఎన్.ఎఫ్.ఎల్., కొత్తది ఎ.ఎఫ్.ఎల్. పాతవాళ్లకి కొత్తవాళ్లంటే చులకన. ఆ ఆగస్టులో మొదటిసారి రెండు లీగ్‌ల జట్లూ రియాజ్ మ్యాచుల్లో తలపడ్డాయి. కొత్త లీగ్‌లోని డెన్వర్ బ్రాంకోస్ పాత లీగ్‌లోని డెట్రాయిట్ లయన్స్‌ని 13-7తో ఓడించింది. పాత లీగ్ జట్టు మీద కొత్తవాళ్లకి అదే మొదటి గెలుపు. కాన్సస్ సిటీ చీఫ్స్ అయితే షికాగో బేర్స్‌ని 66-24తో చిత్తు చేసింది. పాయింట్లు రాని మ్యాచులే అయినా వాళ్లు ఇజ్జత్ కోసం ఆడారు. మరి సీజన్‌లో ఏమైంది? డెన్వర్ 14 మ్యాచుల్లో మూడే గెలిచింది. చీఫ్స్ తొమ్మిది గెలిచినా నాకౌట్ దాకా రాలేదు. ఆగస్టు గెలుపు వాళ్ల ఇజ్జత్ గురించి నిజమే చెప్పింది. డిసెంబర్ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఇక మన జమానాకి వద్దాం. ఈ సవాల్ ఎప్పుడు లేచినా అమెరికాలో ముందు వినబడే మిసాల్ 2008 నాటి డెట్రాయిట్ లయన్స్. ఆ ఆగస్టులో నాలుగు రియాజ్ మ్యాచులు ఆడి నాలుగూ గెలిచారు. సెప్టెంబర్‌లో అసలు సీజన్ మొదలైంది. ఒకటి ఓడారు, రెండు ఓడారు, ఓడుతూనే ఉన్నారు. చివరికి 16కి 16 ఓడారు. లీగ్ తారీఖ్‌లో 16 మ్యాచులూ ఓడిన మొదటి జట్టు అదే. ఏదో ఒక్కసారి అలా జరిగిందిలే అనుకుందామంటే, తొమ్మిదేళ్ల తర్వాత 2017లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ అచ్చం అదే చేసి చూపించారు. ఆగస్టులో నాలుగుకి నాలుగు గెలుపు, సీజన్‌లో 16కి 16 ఓటమి. 16 మ్యాచులూ ఓడిన జట్లు లీగ్‌లో ఈ రెండే, రెండూ రియాజ్‌లో ఒక్కటీ ఓడనివే!

దీనికి ఉల్టా కూడా ఉంది. 1982లో వాషింగ్టన్ జట్టు నాలుగు రియాజ్ మ్యాచులూ ఓడింది. ఆ ఏడాది ఆటగాళ్ల హర్తాళ్ వల్ల సీజన్ తొమ్మిది మ్యాచులకి కుదించుకుపోయింది. అందులో ఎనిమిది గెలిచి, సూపర్ బౌల్‌లో మయామీ డాల్ఫిన్స్‌ని 27-17తో ఓడించి కప్పు పట్టుకెళ్లారు. 2005లో పేటన్ మానింగ్ నడిపిన ఇండియానాపోలిస్ కోల్ట్స్ ఐదు రియాజ్ మ్యాచులకి ఐదూ ఓడింది. సీజన్ మొదలయ్యాక వరసగా 13 గెలిచి, మొత్తం మీద 14 గెలిచి రెండే ఓడింది.

ఇలా ఎందుకవుతుంది? ఇందులో జాదూ ఏమీ లేదు. మూడు వజహ్‌లు ఉన్నాయి.

మొదటిది, ఆడేది ఎవరన్నది. ప్రీ-సీజన్‌లో జట్టుకి 90 మంది దాకా ఉంటారు. సీజన్ మొదలయ్యేనాటికి 53 మందే మిగలాలి. పేరున్న ఆటగాళ్లకి దెబ్బ తగిలితే సీజనంతా పాడవుతుందని కోచ్‌లు వాళ్లని కాసేపు ఆడించి కూర్చోబెడతారు, కొన్ని మ్యాచుల్లో అసలు దింపరు. ఆఖరి పావుగంటలో స్కోరు అటో ఇటో తేల్చేది చాలాసార్లు రెండు వారాల తర్వాత జట్టులోనే ఉండని కుర్రాళ్లు. 2005లో కోల్ట్స్ ఓడిందంటే, మానింగ్ ఎక్కువసేపు బెంచీ మీద ఉండగా ఓడిందని చదువుకోవాలి.

రెండోది నియ్యత్. ఇదే అసలు మాట అని నా అభిప్రాయం. ఒకే మైదాన్‌లో రెండు జట్లు దిగినా ఇద్దరి ఉద్దేశం ఒకటి కాదు. ఒక కోచ్ గెలవడానికి దిగుతాడు, ఇంకో కోచ్ తన మూడో నంబర్ కుర్రాడికి ధైర్యం ఉందా లేదా చూడటానికి దిగుతాడు. తన మంచి ఎత్తులన్నీ దాచిపెట్టి సాదాసీదా ఆట ఆడిస్తాడు, సీజన్‌లో ఎదురయ్యేవాళ్లు వీడియోలు చూసి నేర్చుకోకూడదని. ఒకడు గెలుపు కోసం, ఒకడు పరీక్ష కోసం ఆడితే ఆ స్కోరుని ఏ తరాజులో తూస్తాం?

మూడోది లెక్క. ఒక నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడటం 16లో ఒకసారి జరుగుతుంది. 32 జట్లు నాలుగేసి మ్యాచులు ఆడితే, అందరూ సమాన బలం ఉన్నవాళ్లే అనుకున్నా, ఏటా సగటున రెండు జట్లు ఊరికే నసీబు మీద నాలుగూ గెలుస్తాయి. ఆ రెండు జట్ల ఊళ్లలో జనం మిఠాయి పంచుకుంటారు. నాణేనికి మాత్రం ఆ మిఠాయి సంగతి తెలియదు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. రియాజ్‌లో గెలిచి అసలు మైదాన్‌లోనూ గెలిచినవాళ్లు ఉన్నారు. లొంబార్డి ప్యాకర్స్ 1959 నుంచి 1962 దాకా వరసగా 19 రియాజ్ మ్యాచులు గెలిచారు, 1961, 1962 రెండేళ్లూ చాంపియన్లు వాళ్లే. అది చూసి "చూశారా, రియాజే చెప్పింది" అనొచ్చు. కానీ ఆ రికార్డు బద్దలుకొట్టిన జట్టు కథ వింటే ఆ దలీల్ కూలిపోతుంది.

ఆ జట్టు బాల్టిమోర్ రేవెన్స్. 2016 నుంచి 2023 ఆగస్టు దాకా వరసగా 24 రియాజ్ మ్యాచులు గెలిచింది. ఆ మధ్యలో ఒక్కసారి కూడా సూపర్ బౌల్ దాకా రాలేదు. 2019లో రియాజ్ మ్యాచులన్నీ గెలిచి సీజన్‌లో 14 గెలిచి రెండే ఓడింది. 2021లోనూ రియాజ్ మ్యాచులన్నీ గెలిచింది. ఆ సీజన్‌లో ఎనిమిది గెలిచి తొమ్మిది ఓడింది. ఆగస్టులో ఒకే జవాబు, జనవరికి రెండు వేర్వేరు నతీజాలు.

ఆ 2021లో ఇంకో చేదు సంగతి దాగుంది. లొంబార్డి రికార్డు దాటించిన 20వ గెలుపు ఆగస్టు 28న వాషింగ్టన్ మీద, 37-3 స్కోరుతో. అదే మ్యాచ్‌లో రేవెన్స్ ముఖ్యమైన పరుగువీరుడు జె.కె. డాబిన్స్ మోకాలు దెబ్బతింది, సీజనంతా అతను మైదాన్‌కి దూరమయ్యాడు. స్కోరుబోర్డు మీద మెరిసే రికార్డు, అదే సాయంత్రం దవాఖానా దారి. ఆ రోజు జట్టు తఖ్దీర్ మార్చింది స్కోరు కాదు, ఒక మోకాలు.

2020లో ఇంకో తజుర్బా అనుకోకుండా జరిగింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది ప్రీ-సీజన్ మొత్తం రద్దు చేశారు. ఒక్క రియాజ్ మ్యాచ్ కూడా లేకుండా నేరుగా సీజన్‌లోకి దిగారు. ఆ ఏడాదే టామ్ బ్రాడీ 20 సీజన్ల పాత జట్టు వదిలి టాంపా బే బక్కనీర్స్‌కి వచ్చాడు. కొత్త ఊరు, కొత్త సాథీలు, ముందు ఒక్క మ్యాచ్ కూడా కలిసి ఆడింది లేదు. సూపర్ బౌల్‌లో చీఫ్స్‌ని 31-9తో ఓడించింది ఆ జట్టే.

అయితే ఈ మ్యాచులు బేకార్‌వా? కాదు. జట్టు రేపటి గురించి స్కోరు పెద్దగా ఏమీ చెప్పదు గానీ, అక్కడ ఆడే మనుషుల రేపు మాత్రం అక్కడే రాస్తారు. 90 మందిలోంచి 53 అంటే ఒక్కో జట్టులో 37 మంది బయటికి. 32 జట్లు కలిపితే సుమారు 1,180 మంది. కొందరికి ప్రాక్టీస్ జట్టులో చోటు దొరుకుతుంది, మిగతావాళ్లు బ్యాగ్ సర్దుకోవాలి. మనం స్కోరు చూసే ఆ మ్యాచ్‌లో వాళ్లు తమ రోజీ చూసుకుంటున్నారు.

1999లో సెయింట్ లూయిస్ రామ్స్ సంగతి వినండి. అంతకుముందు ఏడాది 16లో నాలుగే గెలిచిన జట్టు. కొత్తగా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే సర్దార్, ట్రెంట్ గ్రీన్‌కి ఆగస్టు రియాజ్ మ్యాచ్‌లో మోకాలు విరిగినంత పనయింది. బదులుగా దిగింది కర్ట్ వార్నర్. ఒకప్పుడు అయోవాలో కిరాణా స్టోర్‌లో రాత్రిపూట అరల్లో డబ్బాలు సర్దుతూ బతికిన మనిషి. ఆ సీజన్‌లో రామ్స్ 13 గెలిచి మూడు ఓడింది, సూపర్ బౌల్ గెలిచింది. వార్నర్ లీగ్‌లోనే మేటి ఆటగాడని ఇనాం అందుకున్నాడు. ఆ ఆగస్టు మ్యాచ్ స్కోరు ఇవాళ ఎవరికీ యాద్ లేదు. ఒకరి ముసీబత్ ఇంకొకరికి మౌకా ఎలా అయిందో మాత్రం అందరికీ యాద్ ఉంది.

మన పిల్లలకి చెప్పదగ్గ ఇంకో పేరు హుసేన్ అబ్దుల్లా. 2008లో కాలేజీ ఆటగాళ్లని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవ్వరూ పిలవలేదు. పిలవని మనిషిగానే మిన్నెసోటా వైకింగ్స్ క్యాంపుకి వెళ్లి, ఆ ఆగస్టు పరీక్షల్లోనే చోటు సంపాదించాడు. 2010లో రమజాన్ సరిగ్గా ఆగస్టు క్యాంపు మధ్యలో వచ్చింది. మండే ఎండలో, బరువైన ప్యాడ్లతో, గుక్కెడు నీళ్లు లేకుండా రోజా ఉండి ప్రాక్టీస్ చేశాడు. జట్టు డాక్టర్లు, ఆహార నిపుణులు సహరీకీ ఇఫ్తార్‌కీ ఏం తినాలో కలిసి చూసుకున్నారు. 2012లో హుసేన్, లీగ్‌లోనే ఆడే అన్న హంజా, ఇద్దరూ ఒక సీజన్ మొత్తం వదులుకుని హజ్‌కి వెళ్లారు. చోటు పోతే మళ్లీ దొరుకుతుందన్న గ్యారంటీ లేని లీగ్ అది. హంజాకి మళ్లీ దొరకలేదు. హుసేన్ 2013లో కాన్సస్ సిటీ చీఫ్స్‌కి వచ్చాడు. 2014 సెప్టెంబర్‌లో టామ్ బ్రాడీ విసిరిన బంతిని గాల్లోనే పట్టుకుని గీత దాకా పరిగెత్తి, అక్కడే సజ్దాలో వాలాడు. రిఫరీలు అది తప్పని జరిమానా వేశారు. మర్నాడు లీగే ఆ జరిమానా వేయకుండా ఉండాల్సిందని చెప్పింది. 2008 డ్రాఫ్ట్‌లో రాని పిలుపుని గవాహీగా తీసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"అదంతా అమెరికా ముచ్చట" అనే పెద్దలకి మన హైదరాబాద్ నజీర్ ఒకటి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. అది రియాజ్ కాదు, అసలు టోర్నమెంటే. కానీ ముందు నతీజా చూసి ఫైసలా చేసే అలవాటుకి అంతకంటే మంచి జవాబు లేదు. మన ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తయారుచేసిన భారత జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆయన అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. తర్వాత మ్యాచులు గెలుచుకుంటూ ఫైనల్‌కి వచ్చేసరికి ఎదురుగా మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1తో బంగారం మనది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ ఈ లోకం విడిచారు. మొదటి మ్యాచ్ నతీజాని ఆయన తీర్పుగా తీసుకోలేదు, తప్పులు పట్టిచ్చే ఉస్తాద్‌గా తీసుకున్నారు.

కాబట్టి నా సమఝ్ ఇది. రియాజ్ నతీజా అబద్ధం చెప్పదు, కానీ మనం దాన్ని అడగకూడని సవాల్ అడుగుతున్నాం. "ఈ జట్టు గెలుస్తుందా" అని కాదు, "ఎవరు ఆడారు, ఏ నియ్యత్‌తో ఆడారు, ఏం నేర్చుకున్నారు" అని అడిగితే అది చాలా చెబుతుంది. ప్రీ-ఫైనల్ మార్కుల కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన పిల్లని కూడా అదే అడగండి. ఏ పాఠం రాలేదు బేటీ, ఎక్కడ ఆగిపోయావు, ఇంకా ఎన్ని రోజులుంది అని. నాలుగూ గెలిచి 16 ఓడినవాళ్లు ఉన్నారు, నాలుగూ ఓడి కప్పు ఎత్తినవాళ్లు ఉన్నారు. పిల్ల చేతిలో ఇంకా అసలు ఇమ్తెహాన్ ఉండగానే ఆమె నసీబు మీద మొహర్ గుద్దే హక్కు మనకెవరికీ లేదు.